మా అక్క వినాల్సిన సీను

ఇరవై ఏళ్లుగా సినిమాల్లో నేను తండ్రిని, సర్పంచిని, ఎక్కువసార్లు శవాన్ని. ముఖం చూసి జనం గుర్తుపడతారు, పేరు ఎవరికీ తెలియదు. గొంతయితే ఎవరూ విననే లేదు. షూటింగులో నేనే మాట్లాడతాను, డబ్బింగు వేరేవాళ్లు చెబుతారు. నాది చిత్తూరు యాస, జనానికి ఎక్కదట.

మా అక్కకు నా ముఖంతో పనిలేదు. షుగరు ఆమె చూపు తీసేసింది. పుంగనూరులో ఇంటింటికీ పాలు పోసి నన్ను పెంచిన మనిషి. చిన్నప్పుడు చర్చిలో క్రిస్మస్ నాటకానికి నాకు నిండు గర్భిణిని గుమ్మంలోంచే పంపేసే సత్రం యజమాని వేషం ఇస్తే, "ఈడ తావు లేదు, పొండి" అన్న ఒక్క మాటనే వారం రోజులు చెప్పించింది. "కసరొద్దప్పా, సిగ్గుపడతా చెప్పు" అనేది. అంతకు మించిన డైరెక్టరు నాకు ఇంతవరకు దొరకలేదు.

పోయినేడు కుప్పం దగ్గర ఒక పెద్ద సినిమా తీశారు. హీరోకు మా యాస నేర్పే పని నాకు అప్పజెప్పారు. పది రోజులు ఆయన చేత 'యాల', 'యాడ', 'ఉండాడు' వల్లె వేయించాను. అందులో నాదీ ఒక సీనుంది. తప్పిపోయిన కొడుకు కోసం పోలీస్ స్టేషనుకొచ్చిన తండ్రిని. ఒకే టేకులో అయిపోయింది. డైరెక్టరు భుజం తట్టి, "ఈ గొంతే ఉంచుదాం, డబ్బింగు వద్దు" అన్నాడు. ఆ మాట నమ్మి అక్కకు ఫోన్ చేశాను. నా బుద్ధితక్కువ.

రిలీజయ్యాక ఆమెను మదనపల్లె తీసుకుపోయాను. కొత్తచీర కట్టుకుని, చెవులు రిక్కించి కూర్చుంది. హీరో నోట మా యాస వినిపించినప్పుడల్లా హాలంతా ఈలలు. సొమ్మొకడిది, సోకొకడిది.

నా సీను వచ్చింది. తెర మీద నా నోరు కదులుతోంది. ఎవరిదో గంభీరమైన గొంతు, మా వైపు ఎవరూ మాట్లాడని తెలుగులో, నా కొడుకు కోసం ఏడుస్తోంది.

అక్క నా చేయి తట్టింది. "ఎవురప్పా ఈయన? నువ్వెప్పుడొస్తావు?"

"వస్తానక్కా" అన్నాను.

సినిమా అయిపోయి జనం లేస్తున్నా ఆమె లేవలేదు. నిజం చెప్పడానికి నోరు రాలేదు. "నా సీను కోసేసినారక్కా" అన్నాను.

పుంగనూరు బస్సెక్కాం. సీట్లో కూర్చున్నాక అక్క, "ఆ మాటలేవో నాకు చెప్పు" అంది.

చెప్పాను. "కొట్టనని చెప్పండి సార్ వానికి. ఇంటికి రాకపోయినా సరే. యాడుండాడో చెప్పండి, సాలు."

ముందు సీటులో ముసలాయన తిరిగి చూసి, "ఎవురప్పా తప్పిపోయింది?" అని అడిగాడు.

అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఇంత బాగా చెప్పినావే. దీంట్లో ఏం తప్పుండాదని కోసేసినారప్పా?" అంది.