గుండీలు లేని చలికోట్లు

ఆర్డిత్ కాలియర్ పోయిన రోజున కోల్టన్ ఫోర్క్‌లో కంటతడి పెట్టుకోవడానికి ఎవరూ తొందరపడలేదు. ఆమె నోటిదెబ్బ తినని ఇల్లు ఆ ఊళ్ళో లేదు. పాస్టరుగారు శవపేటిక పక్కన నిలబడి "ముక్కుసూటి మనిషి" అన్నప్పుడు వెనక వరుసల్లో ఎవరో గట్టిగా దగ్గారు. ఆ వెనక వరుసల్లో కూర్చున్న కుర్రకారులో ఆమె చేతిమీదుగా వచ్చిన బట్ట తొడుక్కోకుండా పెరిగినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. ఆ సంగతి ఎవరూ అనలేదు. అని ఉంటే ఆవిడ లేచి కూర్చుని, "ఇప్పుడు గుర్తొచ్చిందా మీకు?" అని ఉండేది.

మెథడిస్టు చర్చి నేలమాళిగలో పిల్లల పాతబట్టల గది ఆమెది. కాగితాల మీద చర్చిదే, కానీ ఇరవై రెండేళ్ళపాటు అక్కడ చెల్లిన మాట ఆమెది. పిల్లలకి పొట్టయిపోయిన బట్టల్ని జనం చెత్త సంచుల్లో కుక్కి మెట్ల దగ్గర పడేసి పోయేవాళ్ళు. ఆవిడ ఒక్కొక్కటీ తీసి ముందు వాసన చూసేది. తర్వాత తిరగేసి చంకలు, మోకాళ్ళు, కాలర్లు వెలుతురుకి పట్టి చూసేది. చిరిగినది మసిగుడ్డల పెట్టెలోకి, మిగిలినది ఇంటికి, ఉతుక్కి. గుండీ ఊడిన బట్ట ఆ గదిలోంచి బయటికి పోయిన పాపాన పోలేదు. "గుండీ లేని చొక్కా ఇస్తే నువ్వు లేనివాడివిరా అని చెప్పి ఇచ్చినట్టే" అనేది. ఊరికే ఇవ్వడం కూడా ఆమెకి కిట్టదు. పావు డాలరైనా పుచ్చుకునేది, తీసుకున్నవాళ్ళు తలెత్తుకుని మెట్లెక్కాలని.

ఇది ఆమె పోవడానికి కొన్నేళ్ళ ముందటి మాట. గని అప్పటికెప్పుడో మూతపడింది. నది ఒడ్డున గాజు ఫ్యాక్టరీ ఆ శరదృతువులో మూసేశారు. ఆ ఏడాది జనవరికి, కొట్లో కొత్త కోటు కొనగలిగిన ఇళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఆర్డిత్ గదిలో మాత్రం పిల్లల చలికోట్లు అరవైకి పైగా వేలాడుతున్నాయి. ఆ చలికాలం వాటిని పిల్లల ఒంటిమీదికి ఎక్కించడం ఒక్కటే ఆమె పని.

అప్పుడు దిగాడు హోబర్ట్ టిప్టన్, చేతిలో కాగితాల కట్టతో. చర్చి కమిటీ పెద్ద. నలభై ఏళ్ళు ఇన్సూరెన్సు పాలసీలు అమ్మి రిటైరైనవాడు. ఆర్డిత్‌తో ఒకే బెంచీ మీద చదువుకున్నవాడు.

"ఏంట్రా ఇది?"

"చదువు."

"కళ్ళజోడు లేదు. నువ్వే చదువు, నీ గొంతు నువ్వు విని మురిసిపోదువుగాని."

అతను చదివాడు. కొత్త చట్టం. పన్నెండేళ్ళలోపు పిల్లల వస్తువు దేంట్లోనూ సీసం ఇంతకు మించి ఉండకూడదు. ఫిబ్రవరి పదో తారీకు నుంచి అమలు. బొమ్మలే కాదు, బట్టలు కూడా. జిప్పులు, గుండీలు, టిచ్ బటన్లు, చొక్కాల మీది మెరుపు బొమ్మలు అన్నీ. పాతబట్టలు అమ్మేవాళ్ళు పరీక్షలు చేయించక్కర్లేదు. కానీ హద్దు దాటిన వస్తువు అమ్మితే తప్పు వాళ్ళదే, జరిమానా వాళ్ళకే.

"పరీక్ష చేయించక్కర్లేదు గానీ తప్పు చేయకూడదు. మరి నాకెలా తెలుస్తుంది? ఒక్కో జిప్పూ నాకి చూడమంటావా?"

"నా మీద అరుస్తావేం? నేను రాశానా చట్టం?"

"రాసినవాడు దొరకడుగా. నువ్వు దొరికావు."

హోబర్ట్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. "మా చెల్లెలి మనవరాలు లేదూ, ఐవీ? దాని రక్తంలో సీసం ఉందన్నారు. మూడేళ్ళొచ్చాయి. నాలుగు మాటలు కలిపి చెప్పలేదు."

"అది వాళ్ళ ఇంటి కిటికీల పాత రంగు గోకి తింది కాబట్టి. నా టిచ్ బటన్ల వల్ల కాదు."

"నీ టిచ్ బటన్లలో లేదని ఎవరు చెప్తారు నాకు?"

జవాబు దొరకనప్పుడు ఆర్డిత్‌కి వచ్చే కోపం దొరికినప్పటికన్నా పదింతలు. "ఇనుము, రంగు ఉన్నవన్నీ పీకేస్తాను. ఒట్టి గుడ్డ మిగుల్తుంది. అప్పుడేం వంక పెడతావో చూస్తా" అంది.

మూడు వారాలు వంటింటి బల్ల ముందునుంచి కదలలేదు ఆమె. అప్పటికి డెబ్బై దాటింది, వేళ్ళ కణుపులు వాచి ఉన్నాయి. జిప్పులు కుట్లు విప్పి లాగేసింది. టిచ్ బటన్లని గుడ్డతో సహా కత్తిరించి ఆ కన్నాలకి మాసికలు వేసింది. ప్లాస్టిక్ గుండీల మీద కూడా నమ్మకం పోయి వాటినీ తెంపేసింది. వాటి బదులు తెల్లటి నూలు టేపు తెచ్చి నాడాలు కుట్టింది. ఛాతీ దగ్గర రెండు జతలు, నడుం దగ్గర ఒకటి. కోటుకే అతికి ఉండే టోపీ గడ్డం కింద బిగిసేలా, టోపీ అంచు మడిచి కుట్టి అందులోంచి పొడుగాటి నాడా దూర్చింది. చలిగాలి దూరకుండా ముడి వేసుకోవడానికి వీలుగా చివరలు జానెడు వదిలింది. అన్నీ అయ్యాక వరసగా తగిలించి వెనక్కి నిలబడి చూసుకుంది. ఇన్నేళ్ళలో తను చేసిన పనుల్లో ఇంత నికార్సైనది లేదనిపించింది ఆమెకి.

ఫిబ్రవరి తొమ్మిది, సోమవారం. చర్చిలో మధ్యాహ్నం చిక్కుడుగింజల సూపు, మొక్కజొన్న రొట్టె తిని కమిటీవాళ్ళు ఐదుగురూ మెట్లు దిగొచ్చారు. ఆర్డిత్ చేతులు కట్టుకుని నిలబడింది. హోబర్ట్ మొదటి కోటు అందుకుని, టోపీ నాడా వేలికి చుట్టుకుని లాగి చూశాడు. అతని మొహం పాలిపోయింది.

"ఇది ఎవరు పెట్టమన్నారు నిన్ను?"

"ఎవరు పెట్టమనాలి? మూసుకోవాలి కదా కోటు!"

"మెడ దగ్గర నాడా ఉండకూడదు ఆర్డిత్. పిల్లల కోటుకి టోపీ దగ్గర గానీ మెడ దగ్గర గానీ తాడన్నది ఉండకూడదు. ఈ సీసం చట్టం చూసే ఆఫీసే పదమూడేళ్ళ కిందట చెప్పింది. జారుడుబల్లకి చిక్కుకుని, బస్సు తలుపులో ఇరుక్కుని పిల్లలు ఉరి బిగిసి చచ్చిపోయారు. అందుకే కొత్త కోట్లకి నాడాలు రావడం లేదు. ఇరవై రెండేళ్ళుగా కోట్లు సర్దుతున్నావు, నీ కంటికి ఆనలేదా?"

ఆనింది. ఈమధ్య కోట్లకి నాడాలు రావడం లేదని ఆమె గమనించింది. కంపెనీవాళ్ళు టేపు ఖర్చు మిగుల్చుకుంటున్నారని, పిసినారి వెధవలని తిట్టుకుంది అంతే.

వెనకాల నిలబడ్డ పాస్టరుగారి భార్య మెల్లిగా, "పాపం, తెలీక చేసిందిగా" అంది.

ఆ 'పాపం' అన్న మాట ఆర్డిత్‌కి ఒంటికి కారం రాసినట్టయింది. బల్లమీది కత్తెర అందుకుంది. మొదటి కోటు టోపీ నాడా తెంపింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. ఛాతీవి, నడుమువి, ఒక్కటీ మిగల్చకుండా, తగిలించిన వరస పొడుగునా కసకసా కోసుకుంటూ పోయింది. ఐదుగురూ చూస్తూ నిలబడ్డారు. నేలంతా తెల్ల టేపు ముక్కలు.

"ఇదిగో! నాడా లేదు, గుండీ లేదు, జిప్పు లేదు. ఇంకేం పీకమంటావు? చేతులు పీకనా?"

హోబర్ట్ ఒక కోటు రెండంచులూ దగ్గరికి తెచ్చి వదిలాడు. అవి మళ్ళీ విడిపోయాయి. "మూసుకోని కోటు ఎవరు కొంటారు?" అన్నాడు. అక్కడే చేతులెత్తించారు. ఐదుకి నలుగురు. పన్నెండేళ్ళలోపు పిల్లల కోట్లన్నీ మర్నాడు పొద్దున చెత్త బండికి.

"ఊరికే పంచేస్తాను."

"ఊరికే ఇచ్చినా మన గుమ్మంలోంచే కదా పోయేది. రేపేదన్నా అయితే కోర్టు మెట్లు నువ్వెక్కవు, చర్చి ఎక్కుతుంది."

ఇంటికొచ్చి ఆర్డిత్ కోటు కూడా విప్పకుండా ఫోను దగ్గర కూర్చుంది. ఆ చర్చిలో ప్రార్థన గొలుసు అని ఒకటి ఉంది. ఎవరికైనా జబ్బు చేస్తే, ఎక్కడైనా ప్రమాదం జరిగితే, ఒకరు ఇంకొకరికి ఫోన్ చేస్తారు, వాళ్ళు మరొకరికి. గంటలో నలభై ఇళ్ళు ప్రార్థనలో ఉంటాయి. విన్న మాట విన్నట్టు చెప్పాలి, కలపకూడదు, తీయకూడదు. జాబితాలో మొదటి పేరు ముసలి జెనీవా స్కాగ్స్‌ది.

"రాసుకో జెనీవా. రేపు పొద్దున ఆరున్నరకి చర్చి ముందు రోడ్డంచున పిల్లల చలికోట్లు చెత్తకి పెడుతున్నారు. బండి ఏడున్నరకి. వాటికోసం ప్రార్థించాలి."

"కోట్ల కోసమా?"

"అవును. రెండేళ్ళ సైజు నుంచి పన్నెండు దాకా ఉన్నాయని కూడా చెప్పు. దేవుడికి వివరాలు కావాలి."

అవతల జెనీవా ముసిముసిగా నవ్వింది. ఆ ఊళ్ళో రోడ్డంచున పెట్టిన వస్తువు ఎవరిదీ కాదు. బండి వచ్చేలోపు ఎవరు ఎత్తుకుపోయినా అడిగే నాథుడు లేడు. సోఫాలు, స్టవ్వులు, కుక్కపిల్లలు కూడా అలా ఇళ్ళు మారాయి.

ఆర్డిత్ మర్చిపోయింది ఒకటుంది. గొలుసులో ఆఖరి పేరు ఎప్పుడూ కమిటీ పెద్ద హోబర్ట్‌ది.

పొద్దున చలి ఎముకల్లోకి దిగుతోంది. ఆమె ఒక్క కోటు కూడా సంచిలో వెయ్యలేదు. దుప్పట్లు పరిచి, సైజుల వారీగా మడతపెట్టి, ఎడమ చివర రెండేళ్ళవాళ్ళవి, కుడి చివర పన్నెండేళ్ళవాళ్ళవి పేర్చింది. ఆరున్నర కాకుండానే కార్లు వచ్చి ఆగాయి. స్కూలు బస్సు ఎక్కాల్సిన పిల్లలు రెండేసి స్వెట్టర్లు వేసుకుని దిగారు. గాజు ఫ్యాక్టరీలో పని పోయిన మిస్టీ తన తొమ్మిదేళ్ళ కూతురికి ఎర్రకోటు ఒకటి తొడిగింది. అంచులు పట్టుకుని వెతికింది.

"ఇదేంటి అత్తా, మూసుకోదుగా ఇది!"

"ఆ సంగతి నాకు తెలీదనుకున్నావా?"

"అన్నీ ఇంతేనా? ఎవరు చేశారీ పని? ఏ దిక్కుమాలిన చేతులు..."

"నేనే చేశాను. ఇంకేమన్నా ఉందా తిట్టడానికి?"

మిస్టీ ఆమె మీంచి చూపు మార్చలేదు. మిగతా తల్లులు కోట్లు తిరగేసి చూసి తిరిగి దుప్పటి మీద పడేస్తున్నారు. "ఇంత పొద్దున్నే లేపి ఈ గుడ్డపేలికలకా?" అంది ఒకామె, వినపడేలా. ఆర్డిత్ ఆ ఎర్రకోటు వంక చూస్తూ నిలబడింది. తన చేతుల్తో తనే కోసింది. హోబర్ట్ కాదు, చట్టం కాదు.

అప్పుడు కారులోంచి కుట్టుపెట్టె తెచ్చింది. చిన్నప్పుడు కొండలోయలో ఉండగా వాళ్ళమ్మ నవంబరు రాగానే పిల్లలందరికీ ఉన్ని లోదుస్తులు ఒంటిమీదే కుట్టేసేది. ఏప్రిల్ దాకా విప్పేది కాదు. ఆర్డిత్ ఆ మిస్టీ కూతుర్ని దగ్గరికి లాక్కుంది. కోటు అంచులు ఒకదాని మీదికి ఒకటి తెచ్చి కిందినుంచి ఛాతీ దాకా బారు బారు కుట్లు వేసింది. పైన తల పట్టేంత వదిలేసింది.

"తల మీంచి తీయి, తల మీంచి తొడుగు" అంది.

మిస్టీ కోటు కిందికీ పైకీ లాగి చూసింది. "గుండీ అక్కర్లేదు, నాడా అక్కర్లేదు. మొన్ననే ఇలా కుట్టి ఉంటే వాళ్ళు మాత్రం ఏమనేవాళ్ళు అత్తా?"

ఆర్డిత్ సూదిలో దారం ఎక్కించుకుంటోంది. తల ఎత్తలేదు. "నీకంత బుర్రుంటే నిన్న వచ్చి చెప్పకపోయావా? ఆ పిల్లాణ్ణి ఇటు పంపు."

వరస కట్టారు. వేళ్ళు కొయ్యబారిపోతుంటే నోటి ఆవిరితో వెచ్చబెట్టుకుంటూ కుడి చివర నుంచి కుట్టుకుంటూ వచ్చింది. మిస్టీ ఇంకో సూది తీసుకుంది. ఆమె కుట్టు చూసి ఆర్డిత్, "దాన్ని కుట్టంటారా?" అంది గానీ సూది లాక్కోలేదు. పదమూడో కోటో పద్నాలుగో కోటో కుడుతుండగా హోబర్ట్ కారు దిగాడు.

"ప్రార్థించమన్నావుగా, వచ్చాను."

"అయితే మోకాళ్ళ మీద కూర్చో. దారం పట్టుకుందువుగాని."

అతను కూర్చోలేదు. చెత్త బండి మూల తిరిగింది. తోలేవాడు దిగి, ఎదురుగా ఉన్న ఎడమ చివర నుంచి మొదలుపెట్టాడు. రెండేళ్ళవాళ్ళవి, మూడేళ్ళవాళ్ళవి చేతులనిండా ఎత్తి వెనక తొట్లో పడేశాడు. తల్లులు కొందరు కుట్టకుండానే దొరికినవి చంకలో పెట్టుకుని కార్లవైపు పరుగెత్తారు. ఆర్డిత్ అటు తల తిప్పలేదు. ఒక వైపు నుంచి ఆమె, ఒక వైపు నుంచి అతను. దుప్పటి మీద వరస రెండు వైపులా తరుగుతూ వచ్చింది. చివరికి ఒక నీలం కోటు మిగిలింది. అతని చెయ్యి, ఆమె చెయ్యి ఒకేసారి దానిమీద పడ్డాయి.

"ఇది కూడా చెత్తేనా అండీ?" అన్నాడతను హోబర్ట్ వైపు తిరిగి.

హోబర్ట్ రోడ్డు వంక చూశాడు. ఆర్డిత్ కోటు లాక్కుంది. ఆరేళ్ళ పిల్లాడు ఒకడు అప్పటికే చేతులు పైకెత్తి నిలబడి ఉన్నాడు.

బండి కదిలింది. హోబర్ట్ వచ్చి ఆమె ముందు చెయ్యి చాపాడు. "గది తాళంచెవి ఇవ్వు ఆర్డిత్. ఇకమీదట నువ్వు రావద్దు. కమిటీ మాట."

"కమిటీ ఎప్పుడు కూర్చుంది?"

"ఇప్పుడే. నేనొక్కణ్ణే."

"చేతులు ఖాళీ లేవు. కుడి జేబులో ఉంది, తీసుకో."

అతను ఆ జేబు వంక చూశాడు. దాంట్లో చెయ్యి పెట్టడానికి అరవై ఏళ్ళ పరిచయం కూడా చాలలేదు.

"అయితే నిలబడు. ఇంకా బెత్తెడు ఉంది" అందామె, సూది గుచ్చుతూ.

హోబర్ట్ చెయ్యి చాపి అలాగే నిలబడ్డాడు.