మడత విప్పని గ్రామఫోను

ఆ రోజుల్లో పాట వినాలంటే పాడే మనిషి ఎదురుగా ఉండాల్సిందే. మనిషి లేకుండా పాట వస్తుందని గద్వాలలో మా నేతగాళ్ల వీధిలో ఎవరైనా అంటే, పాపం ఎండదెబ్బ తగిలిందని నెత్తిన నీళ్లు చల్లేవాళ్లు. అట్లాంటి వీధిలో గ్రామఫోను గురించి తెలిసిన ఏకైక పండితుణ్ణి నేను. (నా పాండిత్యమంతా రాయచూరులో చీరలు ఇచ్చి వస్తూ, ఒక హోటలు బయట నిలబడి సగం పాట వినడమే. ఆ సగాన్ని వీధిలో ఏడాది పాటు చెప్పుకున్నాను.) అమ్మ పోయాక నన్ను మేనమామ పెంచాడు. ఆయన మగ్గం మీదే పని నేర్చుకున్నాను, ఆ ఇంట్లోనే నూలు కండెలు చుట్టే మరదలి మీద మనసు పెట్టుకున్నాను. ఈ సంగతి మరదలికి తెలుసు, వీధికీ తెలుసు. మామ ముందు నోరు విప్పే ధైర్యం మాత్రం నాకు లేదు.

ఇంతలో వనపర్తి నుంచి మరదలికి సంబంధం వచ్చింది. ఉన్నవాళ్లు, ఇంట్లో పాటల పెట్టె కూడా ఉందట. అది విన్నప్పటినుంచి మామకు కంటిమీద కునుకు లేదు. "అరేయ్, వాళ్లు పిల్లను చూడొచ్చే నాటికి మన ఇంట్ల గూడ పెట్టె మోగాలె. నీకు ఎరుకే అంటివి గద, రాయచూర్ పోదం పా" అన్నాడు. నా మరదలిని ఇంకొకడికి చూపించే వేడుకకు బాజా నేనే మోసుకు రావాలి! పెట్టె బాగా మోగితే పిల్ల వనపర్తి పోతుంది, మోగకపోతే మామ నన్ను ఇంట్లోంచి గెంటుతాడు. బస్సులో దారి పొడుగునా ఏది మేలో తేల్చుకోలేక చచ్చాను.

రాయచూరు దుకాణదారు మర్యాదస్తుడు. పెట్టె మూత తెరిచి, పాట ఉండే నల్ల పళ్లెం ఎక్కించి, "ఒమ్మె కేళి నోడ్రి" అన్నాడు, కొనేముందు ఒకసారి విని చూడమని. అంతే, మామ వాడి చెయ్యి గభాలున పట్టుకున్నాడు. "ఆగు, ముట్టకు! మడత ఇప్పిన చీరె ఎవడన్న శుభానికి కొంటడా? నువ్వు మోగించినంక గది కొత్తది ఎట్లయితది? మొదటి పాట మా ఇంట్లనే పాడాలె." దుకాణదారు నావైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను. మామకు ఎదురు చెప్పి నాకున్న కాస్త ఆశ కూడా పోగొట్టుకోవడం ఎందుకని! పళ్లేల మీద రాతలు మా ఇద్దరికీ చదవరాని భాషలో ఉన్నాయి. మామ అడగనూ లేదు. ఒక్కో పళ్లేన్ని వెలుతురుకు పట్టి, బొటనవేలితో అంచు తడిమి, "ఏం సన్నని పోగురా ఇది! యాడ గూడ ఒక్క పోగు తెగలే" అని, గీతలు అన్నిటికంటే సన్నగా ఉన్నదాన్ని ఏరాడు. దుకాణదారు కీ తిప్పడం, సూది ఆనించడం చేతులతో చూపించాడు. ఆపడం కూడా చూపించే ఉంటాడు, నా ధ్యాస అక్కడ ఉంటే కదా.

వనపర్తి వాళ్లు రానే వచ్చారు. వీధి వీధంతా మా వాకిట్లో ఉంది. మామ పెట్టెకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, "కానియ్‌రా" అన్నాడు. కీ తిప్పాను. సూది ఆనించాను. కాసేపు బరబర తప్ప ఏమీ లేదు. మామ మొహంలో రంగు మారుతోంది. ఇంకాసేపు బరబర. దేవుడా, మోగనీ, వద్దు మోగనీకు, అనుకుంటుండగానే పెట్టె గొంతు విప్పింది. ఏదో నాటకంలో ఒక తల్లి, చచ్చిన కొడుకు మీద పడి గుండెలు బాదుకుంటూ ఏడుస్తోంది!

వాకిలంతా బిగుసుకుపోయింది. వెనక కూర్చున్న ఒక ముసలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని తానూ అందుకుంది. పెళ్లికొడుకు తండ్రి లేచి నిలబడ్డాడు. "శుభమా అని పిల్లను చూడొస్తే పీనుగ లేసినట్టు ఏడుపు పెడ్తరా?" మామ "ఆపురా! ఆపు!" అని అరిచాడు. ఎట్లా ఆపాలి? మూత వేశాను, లోపల ఏడ్చింది. తీశాను, ఇంకా గట్టిగా ఏడ్చింది. అప్పుడు తలుపు చాటు నుంచి మరదలు విసవిసా వచ్చి, రాట్నం ఆపినట్టు పళ్లెం మీద అరచెయ్యి ఆనించింది. ఆ తల్లి ఏడుపు లావై, మగగొంతై, మూలిగి ఆగిపోయింది. "బావా, గిది నువ్వే ఏరి తెచ్చినవా?" అంది నాకొక్కడికే వినబడేట్టు. "అమ్మతోడు, మీ నాయినే" అన్నాను.

అపశకునమంటూ వనపర్తి వాళ్లు మంచినీళ్లు కూడా ముట్టకుండా బండెక్కారు. వీధి ఖాళీ అయింది. మామ నామీదికి వచ్చాడు. "నువ్వన్న చెప్పొద్దారా, విని కొందమని?"

"నువ్వు ముట్టనియ్యకపోతివి గద మామా."

మామ కొట్టలేదు. మగ్గం పక్కన కూలబడ్డాడు. తర్వాత తనలో తాను అనుకుంటున్నట్టు, "ఆ వనపర్తి పిలగాణ్ణి గూడ గిట్లనే చూసిన. ఇల్లు చూసిన, మగ్గాలు చూసిన. వాడు నోరిప్పి మాట్లాడంగ ఒక్కనాడన్న వింటినా?" అన్నాడు. నావైపు తలెత్తి, "నీది చిన్నప్పటి సంది వింటున్న. ఎచ్చులు పోతవు, ఒర్రుతవు. గని ఆ గొంతు మాకు అలవాటైపాయె. ఏమంటవే బిడ్డా?" అని తలుపు వైపు తిరిగాడు. తలుపు వెనక నవ్వు ఆగడం లేదు. నాకేమో ఏడుపొచ్చింది, మామ ముందు సిగ్గు లేకుండా ఏడ్చేశాను.

ఇప్పుడు ఇంట్లో రేడియో ఉంది. అందులో అట్లాంటి శోకం వస్తే, అశుభమని కోడలు పరుగున వచ్చి తగ్గిస్తుంది. ఆమె అటు తిరగగానే మా ఆవిడ మళ్లీ పెంచుతుంది. ఎవరో తల్లి గుండెలు బాదుకుంటుంటే, ముసలివాళ్లం ఇద్దరం పెళ్లిబాజా వింటున్నట్టు కూర్చుని నవ్వుకుంటాం.