మగ్దలీన రెండో పరీక్ష

మగ్దలీన రోజూ పొయ్యి వెలిగించే ముందు మోకరించి ప్రార్థన చేసుకునేది. లేచాక, వంటింటి గోడకు గంజితో అంటించిన పాఠం కాగితాన్ని బిగ్గరగా చదివేది. అన్నం ఉడికేలోపు ఒక పేజీ. ఆ చదువు ముగిసేదాకా పక్కింటి సూరమ్మ తన రేడియో పెట్టేది కాదు.

పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో మగ్దలీన గ్రేడింగ్ మేస్త్రీ. 2008లో యజమాని నాణ్యత పరీక్షించే గది కొత్తగా కట్టించాడు.

"సీజను మొదలయ్యీలోగా ఈ పనికి కావాల్సిన కంప్యూటర్ కోర్సు పాసైతే గది నీది. నేదంటే బయటోడిని తెచ్చుకుంతాను" అన్నాడు.

పాఠాలు హైదరాబాదు నుంచి ఇంటర్నెట్‌లో వచ్చేవి, పరీక్ష కూడా అందులోనే. కాశీబుగ్గలో ఢిల్లీబాబు నెట్ సెంటరే ఆమెకు బడి. వేడికి తాళలేదని ఫ్యాను కింది కుర్చీ ఆమెకే ఉంచేవాడు.

"ఈ వయసులో బడికెల్తన్నావేటే? పలక కొనీమంతావేటి?" అని ఫ్యాక్టరీలో నూకరత్నం దెప్పేది. దెప్పుతూనే సాయంత్రాలు ఆమె బల్ల తాను చూసుకుని, ఆమెను ముందే పంపేసేది.

ఫ్యాక్టరీలో ఊరంతా ఎరిగిన ఒక పద్ధతుంది. పప్పు ఏరి ట్రే నింపాక దాన్ని మళ్లీ ముట్టకూడదు. తూకం గుమస్తా వచ్చి తీసుకెళ్లేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. పరీక్షనాడు మగ్దలీన జవాబులన్నీ పెట్టేసింది. గడువు ఇంకా మిగిలే ఉంది. హైదరాబాదువాళ్లే తీసుకుంటారు కదా అని చేతులు కట్టుకుని కూర్చుంది. గడువు దాటిపోయింది, జవాబులు అందలేదని తెర మీద పడింది.

ఢిల్లీబాబు తల పట్టుకున్నాడు. "అయ్యో అక్కా, సబ్మిట్ నొక్కాలి గదా! తూకం గుమస్తా వత్తాడని సూత్తన్నావేటి?"

"అవున్రా బాబూ, అలాగే అనుకున్నాను."

అతను నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. టీ తెప్పించి, జరిగింది వివరంగా కోర్సు నడిపే హైదరాబాదు సంస్థకు రాసి పంపాడు. ఇంకొక్క అవకాశం ఇస్తామని, అదే ఆఖరని వాళ్లు జవాబిచ్చారు.

మర్నాడు నూకరత్నం అడిగింది, "ఏటి మేస్త్రీ, పాసైపోనావా?"

"నేదే. పనంతా సేసీసి ఒప్పజెప్పనేదు."

బల్లల దగ్గర ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. మగ్దలీన కూడా నవ్వింది గానీ, మానేద్దామా అని ఆ పూటంతా మనసు లాగింది. ఆదివారం ప్రార్థనలో చాలాసేపు తల ఎత్తలేదు. ఇంటికొచ్చి మొదటి పాఠాన్నే మళ్లీ గోడకంటించింది.

రెండో పరీక్ష శనివారం మధ్యాహ్నం రెండింటికి పడింది. ఆ వేళకి ఊళ్లో కరెంటు కోత. వేళ మార్చమని అడిగితే వాళ్లు కుదరదన్నారు. నెట్ సెంటరు బ్యాటరీ కాసేపే ఆగుతుంది. కిరాయికిచ్చే జనరేటర్లన్నీ పెళ్లిళ్లకు వెళ్లిపోయాయి.

ఇక ఆమె వెళ్లే ఏసు గుడి జనరేటరు ఒక్కటే ఉంది. క్రిస్మస్ ఆరాధనకని సంఘమంతా కలిసి కొన్నది. మగ్దలీన ఏళ్ల తరబడి ఆ గుడి ఊడ్చిన మనిషి, తనకోసం ఏనాడూ ఒక్కటీ అడిగి ఎరగదు. శుక్రవారం సాయంత్రం పాస్టరు జెకర్యాగారు మొక్కలకు నీళ్లు పోస్తుంటే వెళ్లి గేటు దగ్గర నిలబడింది.

"ఏటమ్మా, అక్కడే నిలబడిపోనావు?"

"అయ్యగారండీ, దేవుడి పనికి కాదు, నా పనికే అడుగుతున్నాను. రేపు మద్దేనం మన జనరేటరు ఢిల్లీబాబు షాపుకి ఇత్తారా? డీజిల్ నేనే పోయించుకుంతాను. కాదంటే కాదనండి, ఏటీ అనుకోను. అవునంటే మాత్రం ఇప్పుడే సెప్పండి, ఆటో మాటాడుకోవాల."