ఏ ఊరని అడిగితే మురిసిపోయే మా ఎక్తోర్ బాబాయ్ గారు

నిన్న పొద్దున పూజ ముగించి హారతి కళ్లకద్దుకుంటుంటే ఫోన్ మోగింది.

పక్కింటి మార్తా. "నాన్న నిద్రలోనే వెళ్లిపోయారు, పద్మా ఆంటీ" అంది.

మొన్న సాయంత్రమే కదా, ఫెన్స్ మీదుగా పులిహోర డబ్బా అందుకుని, మూత తీసి వాసన చూసి, కళ్లు మూసుకుని నవ్వారు.

ఎక్తోర్ గారు మాకు బంధువు కాదు. అర్జెంటీనా మనిషి. కానీ మేం కెనడాలో ఈ ఏజాక్స్ ఊరికి వచ్చిన మొదటి వారం నుంచి నాకు బాబాయ్ గారే.

ఆ రోజు స్నో తీస్తూ పలకరించారు. అర్జెంటీనా అన్నారు. మనకు అలవాటే కదా, వెంటనే అడిగేశాను. "అర్జెంటీనాలో ఏ ఊరండీ?"

పార పక్కన పెట్టేశారు.

"పుంటా ఆల్టా. సముద్రం పక్కన, గాలి ఎక్కువ. ఈ దేశంలో ఇన్నాళ్లూ అందరూ అర్జెంటీనా దగ్గరే ఆగిపోయారు. ఊరు అడిగింది నువ్వే. మరి నీది?"

"రాజోలు. గోదావరి పక్కన."

మా ఇద్దరి ఇంగ్లీషూ అంతంత మాత్రమే. అయినా చలిలో నిలబడి ఊళ్ల గురించే మాట్లాడుకున్నాం.

ఆయనకి బాస్కెట్‌బాల్ ప్రాణం. వాళ్ల టీమ్ మ్యాచ్ ఉంటే మా బేస్‌మెంట్‌కి వచ్చేవారు, మా టీవీ పెద్దదని. ప్లేయర్ల పేర్లు ఎప్పుడూ చెప్పలేదు. స్క్రీన్ మీద వేలు పెట్టి ఊళ్లు చెప్పేవారు.

"వీడు కోర్దొబా వాడు. అక్కడి వాళ్లు మాట సాగదీస్తారు. వీడు మా ఉత్తరాన ఉన్న సాంతియాగో వాడు. మధ్యాహ్నం పడుకోకుండా ఎలా ఆడుతున్నాడో చూడు. ఈ పొడుగువాడు బాయియా బ్లాంకా. మా పక్క ఊరే. అక్కడ పిల్లలు నడక కంటే ముందు బంతి నేర్చుకుంటారు."

మా వారికి క్రికెట్ తప్ప ఏదీ ఎక్కదు. "పద్మా, మీ బాబాయ్ గారు మ్యాచ్ చూస్తున్నారా, జనాభా లెక్కలు రాస్తున్నారా?" అని తెలుగులో అనేవారు. ఏమన్నారని ఆయన అడిగితే, ఆట బాగుందంటున్నారని చెప్పేదాన్ని. దేవుడు క్షమించాలి.

వాళ్ల ఊళ్లల్లో పేటకో క్లబ్ ఉంటుందట. పిల్లలు అక్కడే ఆడతారు, పెద్దలు అక్కడే భోంచేస్తారు, పెళ్లిళ్లు కూడా బాస్కెట్ కిందే. "చర్చికి ఆదివారం వెళ్తాం, క్లబ్‌కి రోజూ వెళ్తాం. దేవుడికి కోపం లేదు, ఆయనా అక్కడికే వస్తాడు" అనేవారు.

పోయిన ఏడాది గొంతు ఆపరేషన్ అయింది. మాట గుసగుసలోకి దిగిపోయింది.

అప్పుడే తెలిసింది, వాళ్ల టీమ్ టొరాంటోకి ఫ్రెండ్లీ మ్యాచ్‌కి వస్తోందని. అందులో ఒక కుర్రాడు పుంటా ఆల్టా వాడు.

బాబాయ్ గారికి ఇక ఒకటే కోరిక. ఇక్కడ తన ఊరి మనిషి ఒకడున్నాడని ఆ అబ్బాయికి తెలియాలి. అంతే. తిరిగి ఊరు వెళ్లే ఓపిక లేదని ఆయనకి తెలుసు.

మ్యాచ్ రోజు మార్తాకి డ్యూటీ. మా వారు డ్రైవ్ చేశారు. నేను లేత నీలం, తెలుపు చీర కట్టుకున్నాను, వాళ్ల జెండా రంగులవని.

వార్మప్‌లో ఆ అబ్బాయి మా ముందు నుంచే వెళ్తున్నాడు. బాబాయ్ గారు లేచి పిలిచారు. పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. మళ్లీ పిలిచారు. అబ్బాయి దాటిపోతున్నాడు.

నా వైపు చూశారు. ఆ చూపు నేను మర్చిపోలేను.

నేను గట్టిగా మాట్లాడగా మా ఇంట్లో ఎవరూ వినలేదు. పద్మ మాట వినాలంటే దేవుడే వినాలి అనేవారు మా అత్తగారు. కానీ గొంతెత్తడం నాకూ ఒక చోట తెలుసు, తిరుమల కొండ మీద. స్వామిని తలుచుకుని, ఆ గొంతుతోనే, ఆ రాగంలోనే అరిచాను.

"పుంటా ఆల్టా..."

పక్కన మా వారు అలవాటు కొద్దీ రెండు చేతులూ పైకెత్తి "గోవిందా" అన్నారు.

ముందు వరసల వాళ్లంతా తిరిగారు. ఆ అబ్బాయీ తిరిగాడు. చీరలో ఉన్న నన్ను చూసి తికమకపడుతూ వచ్చాడు. నేను బాబాయ్ గారిని చూపించాను.

అతను వంగి ఆయన నోటి దగ్గర చెవి పెట్టాడు. బాబాయ్ గారు ఏదో గుసగుసగా చెప్పారు. అబ్బాయి ఏదో అడిగాడు, ఈయన ఏదో చెప్పారు. అంతే, ఆ అబ్బాయి ఈయన్ని కావలించుకుని వదల్లేదు. కోచ్ పిలుస్తున్నా వదల్లేదు.

ఆ రోజు వాళ్ల టీమ్ ఓడిపోయింది. కారులో మాత్రం గెలిచి వస్తున్నట్టే ఉంది. 401 హైవే మీద ట్రాఫిక్‌లో ఆగినప్పుడు బాబాయ్ గారు నా భుజం తట్టారు.

"వాడు ఏ వీధి అని అడిగాడు, పద్మా."

తర్వాత మా వారి వైపు తిరిగి, "గోవిందా అంటే ఏ ఊరు?" అని అడిగారు.

మేం నవ్వి నవ్వి ఎగ్జిట్ దాటిపోయాం.

శుక్రవారం చర్చిలో నన్ను రెండు మాటలు చెప్పమంది మార్తా. మెల్లగా మాట్లాడతానని చెప్పాను. చివరి రెండు మాటలకి మాత్రం హామీ ఇవ్వలేదు. అవేమిటో తనకీ తెలుసు.

వెళ్లి రండి బాబాయ్ గారూ. అక్కడ ఎవరైనా పలకరిస్తే దేశం దగ్గర ఆగకండి. ఊరు చెప్పండి, వీధి కూడా చెప్పండి. మీ గొంతు ఇప్పుడు బాగుండే ఉంటుంది.

సముద్రపు గాలి తగిలే చోట, హాయిగా, శాంతిగా ఉండండి.