గోవిందమ్మను అడిగాను

1997లో నన్ను చెన్నైలోని ఒక పరిశోధనాలయంలో, కణాలు పెంచే విభాగానికి సీనియర్ టెక్నికల్ అసిస్టెంట్‌గా వేశారు. ఒక గది, అందులో నేనొక్కదాన్ని. మనుషుల చర్మం నుంచి తీసిన కణాలను సీసాల్లో, ఒంటి వేడిలో పెంచాలి. రెండు రోజులకోసారి పాత పోషకద్రవం తీసి కొత్తది పోయాలి. దాన్ని మేం ఫీడింగ్ అంటాం. కణాలకు ఆదివారం తెలియదు కనక నాకూ లేకుండా పోయింది. ఇంట్లో ఎదురుచూసేవాళ్లు ఎవరూ లేరు. గేటు కాపలాదారుతో తప్ప మాట్లాడని రోజులు చాలానే ఉండేవి.

కోడంబాక్కంలో సినిమా సెట్లు వేసే చిత్రకారుడొకాయన మా డైరెక్టర్‌ను కలిశాడు. గాజుపలక మీద బతికున్న కణాలను ముగ్గు ఆకారంలో పెంచి ప్రదర్శనకు పెడతాడట. డైరెక్టర్ ముచ్చటపడి, పదిహేడో నంబరు సీసా ఇచ్చెయ్యమన్నారు, నోటిమాటగానే. ఆ నంబరు వ్యాసర్పాడి గోవిందమ్మది. కాలిన చేతికి ఆపరేషన్ చేసినప్పుడు తీసిన చర్మపు తునక. ఆమె వేలిముద్ర వేసిన కాగితంలో 'పరిశోధన కోసం' అని ఉంది, ముగ్గు ఊసే లేదు. నాకు మొండిదాన్నని ఆఫీసులో పేరు. ఆ పేరు నిలబెట్టుకుంటూ, ఆమెను అడగనిదే సీసా కదలదని చెప్పి బస్సెక్కాను.

గోవిందమ్మ రైల్వే యార్డు పక్కన ఒంటరిగా ఉంటోంది. అంతా విని, "నా తునక ఇంకా బతికుండాదా?" అంది. బతికే ఉంది, తిండి పెడుతున్నానన్నాను. ఫీడింగ్‌కు నోటికొచ్చిన తెలుగు అదే.

"నువ్వేనా పెట్టేది? మా ఆయన పోయినాక నాకు అన్నం పెట్టినోళ్లు ఎవురూ లేరు పాపా." కాలిన చెయ్యి చూసుకుంటూ, "మందుల కోసరం ఇస్తి. ఊరంతా నిలబడి చూసేదానికి కాదు. ఆడకి ఒద్దు, నీకాడే ఉండనీ" అంది. నేను గడప దాటుతుంటే, "ఆదివారం కూడా పెడతావా?" అని అడిగింది. పెడతానన్నాను. తిరుగు బస్సులో ఎందుకో చాలా సంతోషంగా ఉన్నాను, ఎవరో నన్ను భోజనానికి పిలిచినట్టు.

ఆమె మాటను నోట్‌గా రాసి పైకి పంపాను. శుక్రవారం ఫైలు తిరిగొచ్చింది. చిత్రకారుడికి ఇవ్వనక్కర్లేదు, ఆ సీసాతో మన పరిశోధన కూడా ముగిసింది కనక పారవేయాలి అని ఉంది. నిబంధన ప్రకారం వంక పెట్టడానికి లేదు. కణాలను చంపే బ్లీచింగ్ ద్రావణం సీసాలో నేనే పోశాను. రిజిస్టరులో పదిహేడు ఎదురుగా 'నిలిపివేయడమైనది' అని రాసి సంతకం పెట్టాను. ఆదివారం అలవాటుకొద్దీ ఆఫీసుకు వెళ్లాను. వ్యాసర్పాడికి మాత్రం మళ్లీ వెళ్లలేకపోయాను.

వేరే పనికి వాడాలంటే మళ్లీ అడగాలి అనే వాక్యం తర్వాత మా అంగీకార కాగితంలో చేర్పించాను. నేను నేర్చుకున్నది ఇంకో వాక్యం ఎక్కువ. సరేనంటే ఏమవుతుందో చెప్పి అడుగుతాం. వద్దంటే ఏమవుతుందో కూడా కనుక్కుని చెప్పాలి. ఆ రెండోది నేను గోవిందమ్మకు చెప్పలేదు.