చేనులో పాతిన చువ్వ

తెలంగాణ ఉద్యమం రోజుల్లో జనగామ నుంచి దగ్గర్లోని గూడూరు వెళ్లి, ఒక ఫ్యాక్టరీ మురుగు గుంటలో పరిచిన ప్లాస్టిక్ షీటును పరీక్షించాను. కరెంటు తీగ ఒకటి గుంట నీళ్లలో వేసి, రెండోది పక్క చేనులో పాతిన ఇనుప చువ్వకు కట్టాం. షీటుకు చిల్లుంటే కరెంటు దానిగుండా మట్టిలోకి, చువ్వ దాకా పోతుంది; ఆ చోట నీళ్లలో తిప్పే మీటరు ముల్లు ఎగరాలి. ఎక్కడా ఎగరలేదు.

"చుక్క కూడా కారట్లేదు, రాసెయ్యండి," అన్నాడు కాంట్రాక్టరు.

ఏం రాసేది? మీటరును సరిచూసుకోవడానికి నేనే పొడిచిన చిల్లు కూడా దానికి దొరకలేదు! అనుమానంతో చేనులోకి పోతే, పీకిన చువ్వను పట్టుకుని నిలబడి ఉంది ఆ చేనుగల అవ్వ.

"సర్వే అని మా భూమి గుంజుకుంటరా? పాతనియ్య!"

"నీ బాయి నీళ్లు ఖరాబు కావద్దనే అవ్వా," అని బతిమాలి మళ్లీ పాతాను. ఈసారి ముల్లు ఎగిరింది. నేను పొడవని చోట్ల కూడా ఎగిరింది, అన్నీ ఆమె చేను వైపే.

కాంట్రాక్టరు దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు: "ఆ చువ్వ ముసలామెకే ఇచ్చెయ్యండి."