తిరిగొచ్చిన షేర్లు

మా మామ పోయాడు. పోయిన నెల ఒకరోజు పొద్దున్నే కోడుమూరు నుంచి అత్త ఫోన్ చేసి, "మీ మామ లెయ్యలేదు పాపా" అంది. తెల్లారకముందే మగ్గం మీద కూర్చునే మనిషి లేవలేదంటే ఇంకేం చెప్పాలి? కర్నూలులో బస్సెక్కి దారంతా ఏడ్చాను.

మామ అమ్మకు తమ్ముడు. చీరలు నేసేవాడు. ఉన్న రెండు మగ్గాల్లో ఒకటి అమ్మినప్పుడు, ఆ డబ్బుతో షేర్లు కొంటానన్నాడు. బ్యాంకు ఉద్యోగిని కదా, నేను డిపాజిట్ వేయమన్నాను. వింటేనా! తాను నూలుకు వాడే రంగు తయారుచేసే కంపెనీవే కావాలన్నాడు. "ఇన్నేండ్లుగా చూస్తాండా, ఎన్ని ఉతుకులకూ ఆ రంగు దిగలేదు. ఇంతకంటే ఏం చూడాల?" అన్నాడు. షేర్ల సంగతి తెలిసినవాళ్లు మీరు నవ్వుకుంటారేమో. నేనూ నవ్వాను.

కొన్నేళ్లకు ఆ కంపెనీ తన షేర్లను తానే వెనక్కి కొంటానంది. బజారు ధర కంటే ఎక్కువిస్తానని, చిన్న మదుపరులకు విడిగా వాటా ఉంటుందని చెప్పింది. నాకు సంబరం, మామకు అనుమానం. "వాళ్ల షేర్లు వాళ్లే కొంటాండారంటే, మనకు మర్యాద చేస్తాండారా, సాగనంపుతాండారా?" అన్నాడు.

అప్పటికి పట్టు ధర పెరిగి, కొత్త పడుగు వేయడానికి మామ చేతిలో డబ్బు లేదు. డోన్‌లో గోడౌన్‌కు వాచ్‌మన్‌గా పొమ్మని అత్త రోజూ పోరు. "మగ్గం ముందర కూర్చుంటే కడుపు నిండుతాదా?" అనేది. పడుగు రాకపోతే మామ నేత మానేయాల్సిందే. అందుకే ఉన్న షేర్లన్నీ ఇచ్చేయమన్నాడు. ఇచ్చాం.

కంపెనీ మూడోవంతు తీసుకుని మిగతావి తిప్పి పంపింది. ఆ మెసేజ్ చదివి వినిపించగానే మామ ముఖం మాడిపోయింది. ఎందుకో నాకు మొదట అర్థం కాలేదు. చీరలో పోగు తెగినా, మరక పడినా షావుకారు తిప్పి పంపుతాడు. చీర తిరిగొస్తే నేసినవాడికి తలవంపు, ఆ పూట అన్నం సయించదు. షేర్లనూ అట్లాగే అనుకున్నాడు మామ! మర్నాడే కర్నూలు వచ్చి, నన్ను షేర్ల ఆఫీసుకు లాక్కుపోయి, కౌంటర్ ముందు నిలబడ్డాడు.

"ఏమప్పా, నా షేర్లలో తప్పు యాడుండాది? చూపించు."

ఆ కౌంటర్లో ఉన్నాయన నవ్వలేదు, పుణ్యాత్ముడు. "తప్పేం లేదు పెద్దాయనా. ఇచ్చినోళ్లు శానామంది. అందరివీ కొన్ని తీసుకుని కొన్ని తిప్పినారు."

"అందరివీనా?"

"అందరివీ."

"అట్ల చెప్పు మరి!" అని మామ బయటికొచ్చి నాకు టీ ఇప్పించాడు. తర్వాత బజారులో ధర తగ్గిందని చెబితే, "తగ్గనీలే, మనవి బాగలేక తిప్పలేదు గదా" అన్నాడు. దిగులంతా అక్కడితో సరి.

వచ్చిన డబ్బు పట్టుకు చాలలేదు, నూలు పడుగుకు సరిపోయింది. మామ డోన్ పోలేదు. నేసుకుంటూనే ఉన్నాడు, నవ్వుతూనే ఉన్నాడు. అత్త సణుగుడూ ఆగలేదనుకోండి. అట్లాంటి మామ ఉండడం నా అదృష్టం.

దినాలయ్యాక అత్తను అడిగాను. "మిగిలిన షేర్లు ఇప్పుడు నీవే. అమ్మి డిపాజిట్ వేద్దామా అత్తా?"

"అమ్ము. డిపాజిట్ వద్దు, పడుగు తెప్పించు."

నోరు తెరుచుకుని చూశాను. "నేసేదెవరు?"

"నేనే. ఇన్నేండ్లు పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టినదాన్ని, ఆ మాత్రం రాదా? ఆ సప్పుడు లేకుండా ఈ ఇంట్లో ఉండలేకపోతాండా పాపా" అని కళ్లు తుడుచుకుంది.

మగ్గం గుంట మామ పొడుగుకు తవ్వినది. అత్త దిగి కూర్చుంటే కాలితో తొక్కే పలకలు అందలేదు. వాటిని పైకి కట్టుకుందామని వంగి, మామ కట్టిన తాళ్లు పట్టుకుంది. ముడులు బిగుసుకుపోయి ఉన్నాయి. నేను కత్తెర తెచ్చిచ్చాను. అత్త దాన్ని పక్కన పెట్టేసి, గోళ్లతో ఒక్కొక్క ముడే విప్పుతూ కూర్చుంది.